పళ్ళ సిమెంటుతో బిగించిన డిస్కు

మా సందులో ఎవరింట్లో ఏది వదులైనా ఒకడికే కబురు వెళ్తుంది. అతని అసలు పేరు కట్టుకున్నావిడకైనా గుర్తుందో లేదో అనుమానమే. ఊరందరికీ అతను బిగింపు బావ. కంప్యూటరు ఆగినా, తలుపు కిర్రుమన్నా, కళ్ళజోడు ముక్కు మీంచి జారినా, తల కాస్త పక్కకి వంచి చూసి, "కొంచెం బిగిస్తే సరిపోతుందండీ" అంటాడు. ఓసారి మా ఫ్యాను చప్పుడు చేస్తోందని పిలిచాను. ఎంత గట్టిగా బిగించాడంటే, స్విచ్చి వేయగానే ఫ్యాను కదలకుండా నిలబడింది, గది తిరిగింది. వంటింట్లోకని బయల్దేరిన మా ఆవిడ వీధిలో తేలింది. అబద్ధమాడితే నాలుక మీద కురుపు లేస్తుందని చిన్నప్పుడు బళ్ళో సిస్టరు చెప్పేది. కావాలంటే ఎవరైనా వచ్చి నా నాలుక చూసుకోవచ్చు.

అతని దుకాణం చెప్పుల కొట్టు మెట్ల కింద ఉంటుంది. గుమ్మం నడుమెత్తు. లోపలికి వచ్చే ప్రతివాడూ వంగాల్సిందే. అందుకని దూరం నుంచి చూసేవాళ్ళకి, ఊరంతా అతనికి దణ్ణాలు పెడుతున్నట్టుంటుంది.

పని మాత్రం శ్రద్ధగా చేస్తాడు. ఈ మధ్య అతని దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది చేతిలో చూయింగ్ గమ్ము బిళ్ళంత పలక ఒకటి పట్టుకొస్తున్నారు. అదే ఎస్సెస్‌డీ. పాత డిస్కులా లోపల గిర్రున తిరగదు, ఉలకదు పలకదు, కానీ ముసలి కంప్యూటరుకి పదహారేళ్ళ పరుగు తెప్పిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఏ పలక కంప్యూటరు లోపలున్న ఏ బోర్డుకి పడుతుందో చూసుకోకుండా చవగ్గా వచ్చిందని కొనేస్తారు. మొన్నొక పంతులమ్మ అలాగే తెచ్చింది.

"గాడిలో కూచుంది కదయ్యా! మరెందుకు పనిచెయ్యదు?" అని ఆవిడ దెబ్బలాట.

"గాడి కలిసిందమ్మా. పొడుగూ కలిసింది. మాట కలవలేదు. ఇది మాట్లాడేది ఒక భాష, మీ బోర్డు వినేది ఇంకో భాష. పక్కపక్కన కూచోబెట్టి ఫోటో తీసినంత మాత్రాన సంసారం సాగుతుందా?"

"అయితే విడాకులిప్పించు. కొన్నచోటే తిరిగిచ్చేస్తాను."

"ప్యాకెట్టు చింపేశారుగా. ఇంక పుట్టింటివాళ్ళు గుమ్మం తొక్కనివ్వరు."

బయట ఇన్ని సంబంధాలు కుదిర్చేవాడికి ఇంట్లో ఒక్కటి కుదరలేదు. అది మామగారితో. కాపురం మామగారి మేడ మీది గదిలోనే. కింద ఆయన, పైన వీళ్ళు. ఆయన బస్సు కండక్టరుగా చేసి దిగినాయన. బస్సు దిగాడు గానీ గొంతు దిగలేదు. భోజనాల దగ్గర ఉప్పు అందుకోమన్నా, వెనక సీటులో నిద్రపోతున్నవాడు ఉలిక్కిపడి లేచేటట్టు అడుగుతాడు. అల్లుడు కనిపిస్తే చాలు, ఒకటే పాట.

"ఏమోయ్, ఇవాళ ఎన్ని కంప్యూటర్లని పొట్టన పెట్టుకున్నావ్? నా సర్వీసంతా టికెట్ల సంచి మోశాను. అది ఒక్కసారైనా హ్యాంగయిందా?"

అల్లుడు నవ్వి ఊరుకునేవాడు. నవ్వి ఊరుకునేవాణ్ణి చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది.

ఆ కండక్టరు గారికి సోడా మూతలు పళ్ళతో తీసే అలవాటు. అందుచేత పళ్ళన్నీ ఒకటొకటిగా మూతలతో పాటే వెళ్ళిపోయాయి. ముందు పళ్ళు నాలుగైదు మిగిలాయి గానీ అవి నవ్వడానికే. నమలడానికి ఆధారం ఎడమ వైపు కింద పక్కపక్కనే ఉన్న రెండు దంతాలు. రెండిటికీ ఎప్పుడో నల్లటి ఫిల్లింగు పెట్టించాడు. కవలపిల్లల్లా ఉంటాయి, పైనుంచి చూస్తే ఏది ఏదో కన్నతల్లికి కూడా తెలియదు. అందులో ఒకటి లోపల్లోపల కుళ్ళింది. దవడ బూరెలా వాచింది. ఏది నొప్పంటే, "బస్సంతా నొప్పే!" అంటాడు. కూతురు బతిమాలి, బెదిరించి, చివరికి ఏడ్చి, పళ్ళ డాక్టరమ్మ దగ్గర ఎక్స్‌రే తీయించింది. మర్నాడు పన్ను తీస్తానంది డాక్టరమ్మ.

ఆ మర్నాడు నేనూ అక్కడే ఉన్నాను. నా పన్ను ఒకటి ఊగుతోంది. అయితే నేను వెళ్ళేసరికి డాక్టరమ్మ గదిలో, నేల మీద, బిగింపు బావ మోకాళ్ళ మీద పాకుతున్నాడు. అతని కంట పడితే పన్ను బిగిస్తానంటాడేమోనని నోరు మూసుకుని బెంచీ చివర కూచున్నాను. గదికీ బెంచీకీ మధ్య అడ్డం సగం తెర మాత్రమే. నాకు అన్నీ కనిపిస్తున్నాయి.

జరిగిందేమిటంటే, డాక్టరమ్మ కంప్యూటరు లేవడానికి తీసుకునే సమయంలో పేషెంట్లకి ఉన్న పళ్ళు కూడా రాలిపోతున్నాయట. అందుకని కొత్త ఎస్సెస్‌డీ పలక పెట్టించుకుంటోంది. పాత డిస్కు జోలికి పోకుండా, బోర్డు మీదున్న గాడిలో పలకని గుచ్చాడు బావ. ఈసారి భాష కూడా కలిసింది. కానీ పలక తోక పైకి లేవకుండా పట్టే స్క్రూ ఒకటుంటుంది, చీమ తలకాయంత. అది చేతిలోంచి జారి ఎటో పోయింది. డాక్టరమ్మా, ఆయమ్మా, బావా ముగ్గురూ నేలంతా గాలించారు. ఎవరిదో పాత పన్ను దొరికింది గానీ స్క్రూ దొరకలేదు.

"దీనికింత రభసెందుకు?" అంది డాక్టరమ్మ. "నా దగ్గర సిమెంటుంది. పన్ను మీద తొడుగుని ఏళ్ళ తరబడి కదలకుండా పడుతుంది. ఈ పలకని పట్టదా?"

బిగింపు బావ కళ్ళు మెరిశాయి. బుద్ధున్న ఏ మెకానిక్కూ ఒప్పుకోడు, బుద్ధున్న ఏ డాక్టరూ అడగదు. ఆ ఇద్దరూ ఒక గదిలో చేరారు కాబట్టి జరిగింది. ఆవిడ సన్నటి పుల్లతో సిమెంటు అద్దింది, నీలం లైటు వేసింది. క్షణంలో రాయిలా బిగిసిపోయింది. బావ వేలితో కదిపి చూశాడు. బోర్డు కదిలింది, గది కదిలింది, పలక కదల్లేదు.

"బిగింపంటే ఇదండీ!" అన్నాడు, గురువు దొరికినవాడిలా.

తర్వాత కొత్త పలకలోకి విండోస్ ఎక్కించాడు. కంప్యూటరు రెప్పపాటులో లేచి కూచుంది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. సరిగ్గా అప్పుడే కూతురు భుజం ఆసరాతో కండక్టరు గారు దిగారు, ముఖానికి తువ్వాలు చుట్టుకుని.

అల్లుణ్ణి చూడగానే గుమ్మంలోనే ఆగిపోయాడు. "వీడిక్కడెందుకున్నాడు? నా పన్ను కూడా వీడే పీకుతాడా?"

"నాన్నా, ఆయన కంప్యూటరు చూడ్డానికొచ్చారు. నువ్వు ముందు కుర్చీ ఎక్కు," అంది కూతురు.

"ఏమోయ్, విను. రెండు దంతాల మీద నెట్టుకొస్తున్నాను. నీ కంప్యూటరు చలవ వల్ల మంచిది పోయి చెడ్డది మిగిలిందో, నేను జన్మంతా గంజి తాగాలి. నేను గంజి తాగే రోజున నువ్వు మేడ దిగాలి. పెట్టె సర్దుకుని."

"అలాగేనండి మావయ్యగారూ," అన్నాడు బావ. నవ్వాడు గానీ ఈసారి నవ్వు సరిగ్గా బిగిసినట్టు లేదు.

పెద్దాయన ఎక్కడ లేచి పారిపోతాడోనని డాక్టరమ్మ ముందు ఇంజెక్షను పొడిచేసింది. దవడ మొద్దుబారింది, నాలుక బరువెక్కింది. ఆ గొంతు జీవితంలో మొదటిసారి ఆగింది. సందులో కుక్కలు కూడా ఏమైందోనని తలెత్తి చూశాయి. అప్పుడు ఆవిడ తీరిగ్గా కంప్యూటరు వైపు తిరిగింది.

"ఎక్స్‌రే తియ్యండి, ఏ పన్నో ఓసారి చూసుకుంటాను."

బావ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. తెర మీద కొత్త పలక ఉంది. పాత డిస్కు లేదన్నాడు. ఊళ్ళోవాళ్ళ దవడలన్నీ ఆ పాత డిస్కులోనే ఉన్నాయి. పోనీ కొత్తగా ఇంకో ఎక్స్‌రే తీద్దామంటే, తీసే ప్రోగ్రామూ అందులోనే ఉంది.

"లేదంటే?" అంది డాక్టరమ్మ.

"కనబడటం లేదండి."

"నిన్నటిదాకా ఉందిగా?"

"ఇప్పుడూ ఉందండీ. చెయ్యి పెట్టి చూడండి, తిరుగుతోంది. గుండె కొట్టుకుంటోంది. కానీ పిలిస్తే పలకడం లేదు."

"కొత్తది వచ్చిందని అలిగిందేమో," అంది ఆయమ్మ వెనకనుంచి. ఆవిడకి ఇద్దరు కోడళ్ళు.

కుర్చీలో పెద్దాయన కళ్ళు పెద్దవయ్యాయి. ఏదో అనబోయాడు. "వ్వ వ్వ వ్వ" అని వచ్చింది. కుర్చీ చేతి మీద పిడికిలితో ఒక్క దెబ్బ కొట్టాడు, ఠంగుమని.

"ఏమంటారు?" అంది డాక్టరమ్మ.

"ఒక గంట కొడితే ఆపమని, రెండు కొడితే పోనిమ్మని," అంది కూతురు. "చిన్నప్పుడు మాకు అన్నం తినిపించింది కూడా ఇలాగే. ఏమండీ, చూస్తారేం? ఏదో ఒకటి చెయ్యండి!"

బావ కేబులు మార్చాడు, లాభం లేదు. అలవాటుకొద్దీ అన్నీ బిగించాడు, లాభం లేదు. చెమట ముక్కు చివర నిలిచింది. మత్తు దిగేదాకా ఆగి అప్పుడు ఏది నొప్పో అడుగుదామా అన్నాడు. ఆయన మళ్ళీ ఠంగుమనిపించాడు. కూతురే విడమరిచి చెప్పింది: ఈ కుర్చీ దిగితే ఆయన మళ్ళీ ఎక్కడు. డాక్టరమ్మ కూడా తల అడ్డంగా ఊపింది, ఇవాళ తీయకపోతే చీము దవడలోకి దిగుతుందని.

"నోరు కడుక్కోండి తాతగారూ, ఈలోగా ఆలోచిద్దాం," అని కుర్చీ పక్కనున్న ట్యాపు తిప్పింది. గ్లాసులోకి నీళ్ళు దూకాయి, అంతలోనే ఆగిపోయాయి. ఆవిడ వెనకగది వైపు కేకేసింది.

"ఆయమ్మా! అక్కడ తిప్పితే ఇక్కడ ఆగిపోతుందని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? రెండు ట్యాపులకీ గొట్టం ఒకటే అని తెలీదూ?"

"తెలుసమ్మా, గిన్నెలకి తెలీదుగా!"

బిగింపు బావ చేతిలో స్క్రూడ్రైవరు గాల్లోనే ఉండిపోయింది. గ్లాసు వంక చూశాడు, బోర్డు వంక చూశాడు, మళ్ళీ గ్లాసు వంక చూశాడు.

"డాక్టరుగారూ! ఇది చావలేదు, అలగలేదు. ఈ పలక కూచున్న గాడికీ, అదిగో ఆ చివర వైర్లు గుచ్చే రెండు పోర్టులకీ బోర్డులో దారి ఒక్కటే. పలక పెట్టగానే దారంతా అది తీసేసుకుంది. ఆ రెండూ నిద్రపోయాయి. మీ పాత డిస్కు వైరు ఆ నిద్రపోయే పోర్టులో ఉంది. నేను ఇక్కడ ట్యాపు తిప్పాను, అక్కడ నీళ్ళాగాయి."

"మరి ఇక్కడ కట్టెయ్యవయ్యా! పలక తీసెయ్."

"ఎలా తీస్తానండీ? మీ సిమెంటు!"

ఇద్దరూ పలక మీదికి వంగారు. డాక్టరమ్మ చెయ్యి దానంతటదే పట్టకారు మీదికి వెళ్ళింది. "పీకేద్దామా?"

ఠంగ్!

"వద్దండీ, బోర్డు కూడా ఊడొస్తుంది. పన్ను కోసం దవడ లాగినట్టవుతుంది." బావ వంగి మళ్ళీ లెక్క చూశాడు. "మొత్తం నాలుగు పోర్టులున్నాయి. చివరి రెండూ నిద్రలో ఉన్నాయి. రెండోదానికి ఎవడో మహానుభావుడు ప్లాస్టిక్కు నాలుక విరగ్గొట్టాడు. మొదటిది బాగుంది. అందులో సీడీ పెట్టే డ్రైవు తగిలించి ఉంది. దాని వైరు తీసి పాత డిస్కు వైరు అక్కడ గుచ్చితే క్షణంలో పని."

"దాన్ని ముట్టుకోకు," అంది డాక్టరమ్మ.

గొంతు మారింది. అంతవరకూ డాక్టరుగా మాట్లాడిన మనిషి, గోడమీది బిడ్డని పట్టుకోబోయే తల్లిలా అంది.

"ఈ రోజుల్లో సీడీలెవరు వాడుతున్నారండీ?"

"నేను వాడతాను. అందులో ముఖ్యమైనవి ఉన్నాయి. వైద్యానికి సంబంధించినవి."

"అయితే ట్రే తెరిచి, ఆ సీడీ జాగ్రత్తగా తీసి మీ చేతికే ఇస్తాను."

"తెరవడానికి వీల్లేదు!" ఆవిడ వచ్చి కంప్యూటరుకి అడ్డంగా నిలబడింది.

"మా నాన్న పన్ను కంటే ముఖ్యమా డాక్టరుగారూ?" అంది కూతురు.

డాక్టరమ్మ కాసేపు ఇటూ అటూ చూసింది. తర్వాత ముఖం గంభీరంగా పెట్టి పట్టకారు అందుకుంది. "అసలిదంతా ఎందుకు? నాకు గుర్తొచ్చింది. వెనకదే. ఆ రెండిట్లో వెనక పన్నే పాడయింది. నోరు తెరవండి తాతగారూ."

"నిజంగా గుర్తొచ్చిందాండీ?" అన్నాడు బావ.

"దాదాపు."

ఠంగ్! ఠంగ్ ఠంగ్ ఠంగ్! ఇది ఆపమనీ కాదు, పోనిమ్మనీ కాదు. ఆయన సర్వీసులో బ్రేకులు ఫెయిలైనప్పుడు కొట్టే గంటట. పట్టకారు దగ్గరికొస్తోంది. బిగింపు బావ ఒక్క గెంతులో మధ్యకి దూరి, మామగారి నోటి మీద తన అరచెయ్యి మూతలా పెట్టేశాడు. "ఎక్స్‌రే చూడకుండా వీల్లేదండీ. కావాలంటే ముందు నా పన్ను పీకండి!"

ఆవిడ ఆ పని కూడా చేసేదేమో. కానీ పట్టకారుతో ఇటు వచ్చినప్పుడే కంప్యూటరు ముందు అడ్డు తొలగింది. కిక్కిరిసిన బస్సులో మూడో సీటు నుంచి ముందు గంట తాడు అందుకున్న చెయ్యి ఆయనది. అల్లుడి చంక కిందనుంచి ఆ చెయ్యి సాగింది, సాగింది, ఇంకా సాగింది. అంత పొడుగు చెయ్యి మనిషికి ఉండటం నేను మళ్ళీ చూడలేదు. బొటనవేలు పోయి సీడీ డ్రైవు బొత్తాం మీద పడింది.

ట్రే మెల్లగా, సిగ్గుపడుతూ బయటికొచ్చింది. దాన్నిండా చాక్లెట్లు. ఎర్ర కాగితాలవి, బంగారు కాగితాలవి, కర్రకి గుచ్చినది ఒకటి. కొన్ని జలజలా నేల మీద రాలాయి. పైన గోడ మీద పటంలో, ఏడుస్తున్న పన్ను బొమ్మ కింద "తీపి పళ్ళకు శత్రువు" అని పెద్ద అక్షరాలు.

అందరూ డాక్టరమ్మ వైపు తిరిగారు. పెద్దాయనైతే కుర్చీతో సహా తిరిగాడు.

"అవి... పిల్లలు మర్చిపోయి వెళ్ళినవి," అంది డాక్టరమ్మ.

"మొన్న నేను తెచ్చినవేగా అమ్మా!" అంది ఆయమ్మ గిన్నెలు కడుగుతూనే. "ఆ కర్రది మాత్రం మీరే తెప్పించుకున్నారు."

డాక్టరమ్మ పట్టకారు బల్ల మీద పెట్టేసింది. "వైరు మార్చవయ్యా," అంది, నేల చూస్తూ.

బావ సీడీ డ్రైవు వైరు లాగాడు, పాత డిస్కు వైరు తెచ్చి మొదటి పోర్టులో గుచ్చాడు. బిగించాలని చెయ్యి లేచింది గానీ, ఆ ఒక్కసారికీ దాన్ని ఆపుకున్నాడు. కంప్యూటరు వేశాడు. కూతురు అయ్య చెయ్యి పట్టుకుంది. అయ్య కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. తెర వెలిగింది. కొత్త పలక ఉంది, దాని పక్కన పాత డిస్కూ ఉంది. తెరిస్తే ఊరి దవడలన్నీ వరసకట్టి వచ్చాయి. అందులో నాదీ ఉంది, పోల్చుకున్నాను.

కండక్టరు గారి దవడ పెద్దది చేసి చూశారు. వెనక దంతం వేరు తెల్లగా, నిటారుగా, స్తంభంలా ఉంది. ముందు దంతం వేరు కింద నల్లటి గొయ్యి.

"ముందుది," అంది డాక్టరమ్మ చిన్న గొంతుతో. "వెనకది బంగారంలా ఉంది."

పెద్దాయన ఆ తెర వంక చాలాసేపు చూశాడు. తర్వాత పట్టకారు వంక, నేలంతా చిమ్మిన చాక్లెట్ల వంక, చివరికి అల్లుడి వంక చూశాడు. కుర్చీ చేతి మీద మెత్తగా రెండు కొట్టాడు.

ఆ కుళ్ళిన పన్ను వచ్చేసింది. బావ అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఆయమ్మ అతనికి మంచినీళ్ళిద్దామని వెనక ట్యాపు తిప్పింది, ఇక్కడ డాక్టరమ్మ చేతులు కడుక్కుంటున్న నీళ్ళు ఆగిపోయాయి. ఆవిడ సబ్బు చేతులు కోటుకే తుడుచుకుంది. నేను మాత్రం నా వంతు రాకముందే మెల్లగా జారుకున్నాను. ఎలాగూ ఊగేదే కదా, కాస్త ఊగనిద్దామనిపించింది.

మత్తు దిగాక పెద్దాయన ఏమంటాడోనని సందంతా చెవులు రిక్కించుకుని కూచుంది. ఆయన అన్నం కలుపుకుని, దూది పక్కనే మిగిలిన ఆ ఒక్క దంతం మీదికి ముద్ద తోసుకుని, నమిలి, మింగి, "మేడ మీద గదికి గాలి బాగా వస్తోందా?" అని మాత్రం అడిగాడట కూతుర్ని.

ఇప్పుడు ఆయన పొద్దున్నే వెళ్ళి చెప్పుల కొట్టు మెట్ల దగ్గర స్టూలు వేసుకుని కూచుంటున్నాడు. ఎవరైనా కంప్యూటరు పట్టుకొచ్చి, వంగబోతూ, "ఇతనికి పని వచ్చంటారా?" అని సందేహపడితే, ఆయన నోరు బార్లా తెరిచి, వేలితో బుగ్గ లాగి, ఒంటరిగా నిలబడ్డ ఆ దంతాన్ని చూపిస్తాడు.

"ఇదిగో, చూడండి! మా అల్లుడు నిలబెట్టిన పన్ను. ఎంత గట్టిదో మీ వేలు కొరికి చూపించమంటారా?" అని సందు చివరిదాకా వినపడేట్టు అడుగుతాడు.

చాలామంది అక్కర్లేదని కంప్యూటరు అక్కడే పెట్టి వెళ్ళిపోతున్నారు.